రైతు వేదికల మైకు పట్టుకుంటే నోరెండుతుంది – ఏం చెయ్యాలె?

డిండి_కాలువ
వచ్చే నెల మొదటి వారంల రైతు వేదికల, అంటే రైతుల మీటింగు హాలుల, 15 నిమిషాలు మాట్లాడాలె. విషయం పత్తి విత్తుడు. డెబ్బై ఎనభై మంది రైతులొస్తరు, ముందు వరుసల సర్పంచు, ఎంపీడీవో, మండల వ్యవసాయాధికారి కూసుంటరు. విషయం తెల్వక కాదు. చేను గట్టు మీద పదిమందితోని గంటసేపైనా మాట్లాడొచ్చు. మైకు చేతికొస్తే మాత్రం నోరెండిపోతది, కాగితం గలగలలాడుతది, గొంతు సన్నగైతది. ధైర్యం తెచ్చుకో, అందరు మనోళ్లే అనే మాటలు వద్దు. ఏం చెయ్యాలె, ఎప్పటిసంది చెయ్యాలె, అది చెప్పుండ్రి.

తెలుగుసారు_వనపర్తి
గట్టు మీద రైతు అడుగుతడు, మీరు జవాబు చెప్తరు. స్టేజి మీద ఎవరూ అడగరు, మీరే మొదలుపెట్టాలె. తేడా అదే. అందుకే మొదటి నిమిషమే గండం. ఆ నిమిషానికి సరిపడా బట్టీ పెట్టుకోండి: మొదటి రెండు వాక్యాలు, ఆఖరి రెండు వాక్యాలు. నడిమిదంతా పాయింట్లే. 15 నిమిషాలకు మూడు పాయింట్లు చాలు, నాలుగోది పెడితే ఏదీ నిలవదు. మీకైతే ఇట్ల: ఎంత వాన పడ్డంక విత్తాలె, నల్లరేగడిల ఎంత ఎడం ఎర్ర చల్కల ఎంత ఎడం, విత్తనం బిల్లూ ఖాళీ ప్యాకెట్టూ ఎందుకు దాచుకోవాలె. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. మిగిలిన మూడు నిమిషాలు మొదలుకు, ముగింపుకు.

జడ్చర్ల_జంక్షన్
మొత్తం బట్టీ పెడితే ఇగ భయమెందుకు సార్? రెండు వాక్యాలే ఎందుకు?

తెలుగుసారు_వనపర్తి
బట్టీ పెట్టినోనికి వాక్యాల వరుస గుర్తుంటది గాని విషయం వరుస గుర్తుండదు. నడుమ ఎవరో లేచి పోయిండ్రు, ఫోను మోగింది, ఒక్క మాట జారింది. దాని వెనకున్నయన్నీ జారిపోతయ్. మళ్ల మొదటి నుంచి అందుకుంటే తప్ప రాదు. పాయింట్ల మీద మాట్లాడేటోడు ఒకటి మరిస్తే ఇంకోటి అందుకుంటడు, మరిచిన సంగతి విన్నోళ్లకు తెలిసే దారే లేదు. బడి పిల్లలకు ఆగస్టు 15కు ఉపన్యాసం రాసిచ్చి బట్టీ పట్టిస్తరు చూడండి, సగంల ఆగి ఏడుపు మొహం పెట్టే పిల్లలందరూ అట్ల తయారైనోళ్లే. తప్పు పిల్లలది కాదు, తయారుచేసిన తీరుది.

గొంతు_డాక్టరమ్మ
ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకుంటే దాన్ని చూసి ఇంకా బెదిరిపోవడం తగ్గుతుంది. భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, లాలాజలం తగ్గుతుంది, వేళ్లు వణుకుతాయి, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. గొంతు సన్నబడేది ఎందుకంటే, స్వరపేటిక చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, కింది నుంచి గాలి చాలదు. "భయపడకు" అని మనసుకు చెప్పుకుంటే ఇవి ఆగవు. ఊపిరి మాత్రం మన చేతిలో ఉంటుంది.

మీ పేరు పిలవడానికి ముందు కుర్చీలోనే చేయండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చండి, పెదవులు సన్నగా తెరిచి ఆరేడు లెక్కపెట్టేదాకా వదలండి. ఐదారుసార్లు చాలు. వదిలేది పీల్చేదానికన్నా పొడుగ్గా ఉండాలి, అప్పుడే గుండె వేగం దిగుతుంది. కొందరు "డీప్ బ్రీత్" అని గబగబా రొమ్ము నిండా పీలుస్తారు. దానితో తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది చూసి ఇంకా భయపడతారు.

చాలామందికి ఈ గుండెదడ మాట మొదలుపెట్టిన ఒకటి రెండు నిమిషాల్లోనే గరిష్ఠానికి పోయి, తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ రెండు నిమిషాలు దాటించే ఏర్పాటు చేసుకుంటే చాలు.

నకిరేకల్_నాగలి
మీటింగుకు ముందు ఛాయ్ తాగొచ్చా మేడం? ఆఫీసుల వాళ్లు వద్దన్నా పోస్తరు.

గొంతు_డాక్టరమ్మ
అలవాటున్నవాళ్లు ఒక కప్పు తాగొచ్చు, గంట ముందు. మాట్లాడబోయే ముందు రెండు మూడు కప్పులు పడితే దడ, చేతి వణుకు పెరుగుతాయి. కడుపు నిండా బిర్యానీ తిని మైకు పట్టుకుంటే ఊపిరి అందదు, అసలే తినకపోతే వణుకు. ఒక అరటిపండో రెండు ఇడ్లీలో సరిపోతాయి. ఐసు నీళ్లు వద్దు, మామూలు నీళ్లు గుక్క గుక్కగా తాగండి. మన దగ్గర ఎండలు తెలిసినవే కదా, పొద్దున్నుంచీ నీళ్లు తాగుతూ ఉంటేనే గొంతు తడిగా ఉంటుంది. స్టేజి ఎక్కాక లీటరు తాగినా లాభం లేదు.

కోయిల్‌సాగర్
కాగితం గలగల గురించి ఎవరూ చెప్తలేరు. ఏ4 కాగితం పలచగ, పెద్దగ ఉంటది. వేలు ఇంత కదిలితే కాగితం అంచు అంత కదులుతది, మైకు దగ్గర పెడితే చప్పుడు కూడ వినపడుతది. పాత పెండ్లి పత్రికలు తీసుకోండి. వెనక ఖాళీగ ఉన్న అట్టను పోస్టుకార్డు సైజుల కోయాలె. ఒక్కో అట్ట మీద ఒక్క పాయింటు, ఐదారు మాటలకు మించొద్దు, అక్షరం చిటికెన వేలు గోరంత ఉండాలె. ఒక్కదిక్కే రాయాలె. మూలకు 1, 2, 3 అని నంబర్లు వేసి, పైన మూలకు రంధ్రం చేసి దారంతోని కట్టుకోండి. కింద పడ్డా వరుస చెదరదు. పైన ఫ్యాన్లు తిరుగుతయ్ కాబట్టి కాగితమైతే ఎగిరిపోతది కూడ.

జడ్చర్ల_జంక్షన్
ఫోనుల చూసుకుంట మాట్లాడితే ఏమైతది? ఇప్పుడు అందరు గట్లనే చేస్తుండ్రు.

కోయిల్‌సాగర్
స్క్రీను ఆరిపోతది, నడుమ కాల్ వస్తది, వేలు తగిలి పైకో కిందికో జరుగుతది. చూసేటోళ్లకు మెసేజ్ చదువుతున్నట్టు కనపడుతది. పైగ ఫోను మైకు సెట్టు దగ్గరుంటే బాక్సులల్ల గుర్రుగుర్రుమని చప్పుడొచ్చే ప్రమాదం ఉంది.

మైకుసెట్టు_మిర్యాలగూడ
మైకు భయం సగం మైకు తెల్వకనే. వరుసగ చెప్త.

చేతి మైకు మూతికి నాలుగు వేళ్ల దూరంల ఉండాలె. దూరం రెండింతలైతే మైకుకు అందే చప్పుడు సగానికి పడిపోతది. భయంల మొదలు దగ్గర పట్టుకుంటరు, మాట్లాడుకుంట మాట్లాడుకుంట పొట్ట మీదికి దించుతరు. రైతులు "వినపడ్తలేదు" అని అరుస్తరు, ఆ అరుపుకు ఇంకింత బెదురు. దీనికి ఉపాయం: మైకు పట్టిన చేతి మోచేయి పక్కటెముకలకు ఆనించండి. చెయ్యి దిగదు, వణుకు కూడ తెల్వదు.

మైకును నిటారుగ కాకుండ కొంచెం ఓరగ పట్టాలె. నేరుగ పెడితే ప, బ, ఫ అన్నప్పుడు గాలి కొట్టి డబ్ డబ్ అంటది. పైన జాలీని పిడికిట్ల మూయొద్దు. మూస్తే అది అన్ని దిక్కుల చప్పుడు గుంజుకుంటది, కీచుమంటది. బాక్సు ముందుకు నడిచిపోయినా అంతే, బాక్సుల నుంచి వచ్చిన చప్పుడు మళ్ల మైకులకు పోయి తిరుగుతది. కీచుమంటే బెదిరి మైకు మీద చెయ్యి అడ్డం పెడతరు చూడండి, అప్పుడు ఇంకా ఎక్కువైతది. జాలీ వదిలి, బాక్సుకు రెండడుగులు వెనక్కు జరిగితే ఆగిపోతది. కార్డ్‌లెస్ అయితే కింది తోక పట్టొద్దు, చాలా మైకులకు యాంటెన్నా ఆడనే ఉంటది. నడుమ పట్టాలె.

టకటక కొట్టుడు, ఉఫ్ ఉఫ్ అని ఊదుడు బంద్ చెయ్యాలె. "హలో, వెనకున్నోళ్లకు వినపడుతుందా" అంటే చాలు. దీనికింకో లాభముంది: జనం "ఆఁ" అని జవాబిస్తరు, మీరు మాట్లాడుడు మొదలైపోతది.

బయట గ్రామసభ అయితే హారన్లు, అంటే గరాటు తీరు బాక్సులు. వంద మీటర్ల దూరంల ఇంకో హారన్ ఉంటే దాని చప్పుడు మీకు సెకనుల మూడోవంతు ఆలస్యంగ వినపడుతది. మీ మాటే మీకు తిరిగొస్తుంటే నాలుక తడబడుతది. అది మీ భయం కాదు, చప్పుడు తీరు. చిన్న చిన్న వాక్యాలు పలికి, ఆగి, ముందు వరుస మొఖాలను చూసుకుంట పోవాలె. హారన్ చప్పుడు వినుకుంట మాట్లాడితే ఎవరైనా తప్పిపోతరు.

పానగల్లు_పడుచు
పేర్ల సంగతి! "వేదికను అలంకరించిన గౌరవనీయులైన" అని పదకొండు పేర్లు చెప్పేసరికి ఊపిరి అయిపోతది, ఒక పేరు మరిచిపోతే ఆయన మొఖం మాడ్చుకుంటడు. ఆడనే సగం మంది బోల్తా పడేది.

తెలుగుసారు_వనపర్తి
మంచి మాట పట్టుకున్నరు. పేర్లు నోటికి చెప్పబోవద్దు. మొదటి అట్ట మీద పేరు, హోదా రాసుకొని, చూసుకుంటనే చదవండి. పేర్లు చూసి చదివితే ఎవరూ తప్పుపట్టరు, అది మర్యాద కింద లెక్క. మీకన్నా ముందు మాట్లాడినాయన అందరి పేర్లు చెప్పేసి ఉంటే, సర్పంచు గారి పేరు, సభాధ్యక్షుల పేరు చెప్పి "వేదిక మీది పెద్దలందరికీ, ముందున్న రైతన్నలకు, అక్కచెల్లెండ్లకు" అని దాటేయొచ్చు. ఆఖరు నిమిషంల వచ్చినోళ్ల పేర్లు అడిగి రాసుకోవాలె, అట్ట మీద ఖాళీ వదలండి.

నారాయణపేట_నేత
అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేస్తే బాగ వస్తది.

దేవరకొండ_సంఘం
నాకు ఒప్పుదల లేదు. అద్దం ముందు నిలబడితే మన కండ్లు మన మొఖం మీదనే ఉంటయ్. "నేను ఎట్ల కనపడుతున్న" అన్న ఆలోచనే భయానికి మూలం, దాన్ని ఇంకా పెంచుకున్నట్టైతది. ఫోనుల వీడియో తీసుకొని, అయిపోయినంక చూసుకోవాలె. మొదటిసారి చప్పుడు తీసేసి చూడండి, చేతులు, కాళ్లు తెలుస్తయ్. రెండోసారి కండ్లు మూసుకొని వినండి, వేగం, "అంటే", "ఇగ", "ఏందంటే" ఎన్నిసార్లు వచ్చినయో తెలుస్తది. రెండూ ఒకేసారి చూస్తే ఏదీ పట్టుకోలేం.

మా మహిళల పొదుపు సంఘాలల్ల కొత్త లీడర్లను తయారుచేసే వరుస ఇది. మొదలు పదిమంది సంఘం మీటింగుల కూసుండే హాజరు, పొదుపు లెక్క చదవాలె. తర్వాతి మీటింగుకు అదే లెక్క నిలబడి చెప్పాలె. తర్వాత గ్రామ సంఘం మీటింగుల రెండు నిమిషాలు. అటెన్క మండల సమాఖ్యల ఐదు నిమిషాలు. మెట్టు మెట్టుకు జనం పెరుగుతరు గాని విషయం మాత్రం తెలిసిందే ఉంటది. ఒకేసారి మండల సభల నిలబెట్టి "మాట్లాడు" అంటే ఆమె మళ్ల జన్మల మైకు ముట్టదు.

గొంతు_డాక్టరమ్మ
దేవరకొండ అక్క చెప్పిందే మానసిక వైద్యంలో వాడే పద్ధతి కూడా. భయపడే పరిస్థితిని చిన్నదాని నుంచి పెద్దదాకా మెట్లుగా పేర్చి, ఒక్కో మెట్టు మీద భయం దిగేదాకా ఉండాలి. దడ ఎక్కువగా ఉన్నప్పుడే మధ్యలో దిగి వచ్చేస్తే, "తప్పించుకుంటేనే హాయి" అని మెదడు నేర్చుకుంటుంది. రెండు నిమిషాలైనా సరే, అనుకున్నంతసేపు నిలబడి దిగాలి.

ఇంకో సంగతి. మన కంగారు ఎదుటివాళ్లకు అంతా కనిపించిపోతోందని అనుకుంటాం. నిజానికి చాలా తక్కువ కనిపిస్తుంది. 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని ఉపన్యాసానికి ముందే కొందరికి వివరించి చూశారు. అలా తెలుసుకున్నవాళ్లు తెలుసుకోనివాళ్లకన్నా బాగా మాట్లాడారు, విన్నవాళ్లు కూడా అదే చెప్పారు. అందుకే "క్షమించండి, నాకు భయంగా ఉంది" అని మొదలుపెట్టకండి. అప్పటిదాకా గమనించనివాళ్లు కూడా మీ చేతులు వణుకుతున్నాయా అని చూడటం మొదలుపెడతారు.

నారాయణపేట_నేత
సరే అక్కా, అద్దం వాపస్ తీసుకున్న. కండ్లల్లకు చూసి మాట్లాడాల్నా, తలల మీదికెల్లి చూడాల్నా?

దేవరకొండ_సంఘం
తలల మీదికి చూస్తే గోడకు చెప్పినట్టుంటది, జనానికి తెలిసిపోతది. ఎడమ దిక్కు ఒకరు, నడుమ ఒకరు, కుడి దిక్కు ఒకరు, తల ఊపే మొఖాలను ముందే చూసి పెట్టుకోండి. ఒక్క వాక్యం ఒక్కరికి చెప్పి, ఇంకొకరి దిక్కు తిరగాలె. వాక్యం నడుమ కండ్లు తిప్పొద్దు. ముందు వరుసల ఫోను చూసుకునే ఆఫీసరు దిక్కు మొదటి రెండు నిమిషాలు చూడనే వద్దు.

డిండి_కాలువ
అందరివి రాసుకుంటున్న. ఒక్కటి అడుగుత. మా ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడాల్నా, పుస్తకంల భాషనా? మైకు ముందుకు పోంగనే "చేయవలెను, గమనించగలరు" అని వస్తది నోట్లెకెల్లి, ఆడనే తట్టుకుంటున్న.

తెలుగుసారు_వనపర్తి
తట్టుకునేది దానివల్లనే. నోటికి అలవాటు లేని మాటలను భయంల ఉన్నప్పుడు వెతుక్కోవాల్సి వస్తది. "విత్తుకొనవలెను" అనుడు ఎందుకు, "గింజ పెట్టుండ్రి" అంటే నాలుక తిరుగుతది, రైతుకు ఎక్కుతది.

నిజాం కాలంల సభల మన భాష మాట్లాడాలంటే ఎట్లుండెనో యాది చేసుకోవాలె. 1921 నవంబరుల హైదరాబాద్ వివేకవర్ధనిల సంఘ సంస్కార సభ జరిగింది, మహారాష్ట్ర సంఘ సంస్కర్త కర్వే పండితుడు అధ్యక్షుడు. ఆ సభల అల్లంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడబోతే గేలి చేసి గోల చేసిండ్రు. ఆ అవమానం నుంచే తెలుగోళ్ల కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది, అదే పెరిగి 1930ల జోగిపేటల మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. రెండోది 1931ల మన దేవరకొండలనే, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షులు. సొంత భాషల సభ నడుపుకునే హక్కు కోసం అంత చేసిన గడ్డ మీద నిలబడి, మన యాసను మనమే మింగుకోవుడు సరికాదు.

జడ్చర్ల_జంక్షన్
అట్లని మరీ తిట్లు, ఒరేయ్ తురేయ్ వస్తే? పై ఆఫీసరు ముందల ఉంటడు కద.

తెలుగుసారు_వనపర్తి
యాస వేరు, మర్యాద వేరు. "మీరు", "గారు", "అన్నా", "అమ్మా" ఎక్కడికీ పోవు. అంకెలు, మందుల పేర్లు, పథకం పేర్లు మాత్రం అధికారిక పేర్లతోనే చెప్పాలె, రెండుసార్లు చెప్పాలె. మిగతాది ఇంటి మాట.

మొదలు ఎట్ల ఉండాలంటే: "పోయినేడు తొలి వానకే గింజ పెట్టి, మొలవక రెండోసారి ప్యాకెట్ కొన్నోళ్లు ఎంతమంది? చెయ్యి లేపుండ్రి." చేతులు లేస్తయ్, నవ్వుతరు, పక్కోళ్లను పొడుస్తరు. మీకు పది సెకన్లు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతది. అప్పుడు "60, 70 మిల్లీమీటర్ల వాన పడి నేల లోపలిదాక తడిస్తేనే గింజ పెట్టాలె" అని పాయింటుకు రావాలె. చేతులు లేపమన్నప్పుడు మీ చెయ్యి కూడ లేపండి, లేకుంటే ఎవరూ లేపరు.

పానగల్లు_పడుచు
గట్టు మీద మాట్లాడినట్టే అయింది కద సార్ ఇది! రైతును ముందుగాల మాట్లాడించుడు.

నకిరేకల్_నాగలి
అసలు భయం మైకు కాదు, లేచి నిలబడే పెద్దమనిషి. పత్తి గురించి చెప్తుంటే "రైతు భరోసా పైసలు ఎప్పుడు పడ్తయ్, ముందు అది చెప్పు" అంటడు. ఇంకో నలుగురు తోడైతరు. మీటింగు అయిపోయినట్టే.

దేవరకొండ_సంఘం
దానికి ముందే వరుస కట్టుకోవాలె. రావచ్చు అనుకున్న ఐదు ప్రశ్నలు ఇంటి దగ్గరనే రాసుకోండి. అడిగినప్పుడు మధ్యల కట్ చెయ్యొద్దు, పూర్తిగ అడగనియ్యాలె. తర్వాత ఆ ప్రశ్నను మైకుల మళ్ల చెప్పాలె: "పెద్దాయన రైతు భరోసా పైసల గురించి అడుగుతుండు." వెనకోళ్లకు వినపడుతది, మీకు ఆలోచనకు టైం దొరుకుతది. మన చేతిల లేనిది అయితే ఉన్నదున్నట్టు: "అది నేను తేల్చేది కాదు. పాసుబుక్కు నంబరు, పేరు రాసియ్యి తాతా, పై ఆఫీసుల కనుక్కొని మళ్ల వచ్చినప్పుడు చెప్త." రాసుకున్నది అందరికీ కనపడాలె, పుస్తకం ముందుగాలనే టేబుల్ మీద పెట్టుకోండి. తెల్వనిదానికి జవాబు అల్లొద్దు, తారీఖు అసలే చెప్పొద్దు. ఆ తారీఖు తప్పితే తర్వాతి మీటింగుకు మీ మొఖం చూసి వాదానికే వస్తరు.

వాదం పెంచే మనిషి దిక్కు జవాబు ఆఖరు మాట చెప్పొద్దు. మొదలు ఆయనకు చెప్పి, ఆఖరు వాక్యం ఇంకో దిక్కున్నోళ్లకు చెప్పి ముగించాలె. ఆయననే చూసుకుంట ముగిస్తే ఇంకో ప్రశ్న వేయుమని పిలిచినట్టే.

జడ్చర్ల_జంక్షన్
దడకు గోలీ ఉందంట కద, సగం గోలీ వేసుకుంటే మైకు పట్టుకోవచ్చు అని ఒకాయన చెప్పిండు.

గొంతు_డాక్టరమ్మ
ప్రొప్రనలోల్ గురించి చెప్పి ఉంటారు. గుండెదడ, చేతి వణుకు తగ్గిస్తుంది, ఆలోచనలోని భయాన్ని తీసేయదు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరాడకుండా చేయగలదు. నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు, బీపీ తక్కువున్నవాళ్లకు ప్రమాదం. షుగర్ మందులు వాడేవాళ్లకు షుగర్ పడిపోతే వచ్చే దడ తెలియకుండా చేస్తుంది. డాక్టరు చూసి రాయకుండా మెడికల్ షాపులో అడిగి కొనడం, పక్కవాళ్ల గోలీ వేసుకోవడం వద్దే వద్దు. "ధైర్యానికి ఒక పెగ్గు" అనే సలహా కూడా వస్తుంది, దానితో నాలుక మందమవుతుంది, నోరు ఇంకా ఎండుతుంది.

మైకు ఒక్కటే కాదు, నలుగురిలో తినాలన్నా, ఫోన్‌లో మాట్లాడాలన్నా, ఆఫీసులో సంతకం పెట్టాలన్నా ఇదే దడ ఉండి, నెలల తరబడి పనులు మానుకుంటుంటే అది వేరే సంగతి. దానికి చికిత్స ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

డిండి_కాలువ
నడుమ మొత్తం మరిచిపోతే? అట్ట మీద ఏముందో కూడ కనపడకుంటే?

తెలుగుసారు_వనపర్తి
నోరు మూసుకోండి. నిజంగనే. రెండు పెదవులు కలిపి, ఒక గుక్క నీళ్లు తాగి, ఇంతకు ముందు చెప్పిన ఆఖరి వాక్యం మళ్ల చెప్పండి. "వాన 60, 70 మిల్లీమీటర్లు పడాలె అన్న కద" అంటే తర్వాతది దానంతటదే వస్తది. రాకుంటే తర్వాతి అట్టకు పోవాలె. మూడు సెకన్ల మౌనం మీకు చాలాసేపు అనిపిస్తది, వినేటోళ్లకు అది నొక్కి చెప్పినట్టు ఉంటది. "అంటే... అదే... ఏందంటే..." అని నింపబోతేనే దొరికిపోయేది.

కోయిల్‌సాగర్
నీళ్ల బాటిల్ మూత ముందే వదులు చేసి పెట్టుకోవాలె. వణికే చేతులతోని కొత్త బాటిల్ సీలు తియ్యరాదు.

పానగల్లు_పడుచు
చేతులే కాదు, కాళ్లు కూడ వణుకుతయ్ కద. మోకాళ్లు బిగబట్టి నిలబడొద్దు. ఎండల, ఉక్కల అట్ల కదలకుండ చాలాసేపు నిలబడితే రక్తం కాళ్లల్లనే నిలిచి కండ్లు తిరుగుతయ్, జెండా వందనం నాడు పిల్లలు పడిపోయేది అందుకే. పాదాలు భుజాలంత ఎడం, మోకాళ్లు కొంచెం సడలించి, బరువు రెండు కాళ్ల మీద సమానంగ. పాయింటు మారినప్పుడు ఒక్కడుగు పక్కకు జరగండి, ఊకె ఊగొద్దు.

నారాయణపేట_నేత
ఐదుగురు దోస్తులు కలిస్తే టోస్ట్‌మాస్టర్స్ పద్ధతి ఇంట్లనే పెట్టుకోవచ్చు. నలుగురిల మాట్లాడుడు నేర్చుకునేటందుకు 1924ల అమెరికాల మొదలైన క్లబ్బు అది, హైదరాబాద్‌ల చాలా శాఖలున్నయ్. ఐదు నుంచి ఏడు నిమిషాల ఉపన్యాసానికి టైమరు పట్టుకునేటోడు ఐదో నిమిషానికి పచ్చ, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు చూపిస్తడు. ఇంకొకడు "ఆఁ", "అంటే" లెక్క పెడతడు. చిట్టీలు తీసి అప్పటికప్పుడు ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే ఆట కూడ ఉంటది. రంగు అట్టలు, ఫోనుల గడియారం ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు.

డిండి_కాలువ
మూడు వారాలున్నయ్. ఎట్ల పంచుకోవాలె?

దేవరకొండ_సంఘం
మొదటి వారం అట్టలు తయారు చేసి, ఖాళీ గదిల నిలబడి పైకి మాట్లాడాలె. మనసుల అనుకునుడు లెక్కల రాదు. చేతిల మైకు లేకుంటే టార్చిలైటు పట్టుకోండి, మోచేయి అలవాటైతది. టైం చూసుకోండి, భయంల వేగం పెరుగుతది కాబట్టి ఇంటి దగ్గర 13 నిమిషాలు వచ్చేటట్టు ఉంటే అక్కడ ప్రశ్నలకు జాగా మిగులుతది. రెండో వారం ఇంట్లోళ్ల ముందు, తర్వాత ఆరేడుగురు రైతుల ముందు ఊర్లె ఏదన్న అరుగు మీద. వాళ్లను "ఎట్లుంది" అని అడగొద్దు, బాగుందనే అంటరు. "ఎంత వాన పడ్డంక గింజ పెట్టాలె అన్న?" అని అడగండి. జవాబు చెప్తే మీ మాట ఎక్కినట్టు. మూడో వారం రైతు వేదికకే పోయి, ఖాళీ కుర్చీల ముందు మొత్తం ఒకసారి. ముందటి రాత్రి కొత్తగ ఏదీ చేర్చొద్దు.

మైకుసెట్టు_మిర్యాలగూడ
ఆనాడు అరగంట ముందు పోండి. ఫ్యాన్లన్నీ వేయించి మైకు టెస్టు చెయ్యాలె. ఫ్యాన్లు బంద్ పెట్టి చూసుకుంటే జనం వచ్చినంక చప్పుడు చాలదు. కార్డ్‌లెస్ అయితే కొత్త సెల్లు వేయించి, వైరు మైకు ఒకటి పక్కన కలిపి ఉంచమనండి. మీ ముందు మాట్లాడేటాయన మీకన్నా పొడుగుంటే స్టాండు ఎత్తు మీరే దించుకోవాలె, దాని మర ఎటు తిప్పితే వదులైతదో టెస్టు అప్పుడే చూసి పెట్టుకోండి.